ఒక్క గుక్కలో దొరికిన హంతకుడు

సముద్రపు ఒడ్డున ఉన్న లెవుకా ఊళ్ళో ఆదివారం ప్రార్థన ముగిసి, చాపల మీద, వేళ్ళపొడి నీళ్ళలో కలిపిన కావా పానీయం గిన్నె చుట్టూ నలుగురూ చేరారంటే ఇక సకియూసా నోటికి అడ్డుండేది కాదు. ఆ రోజు అతనెత్తుకున్న మాట విని మేనకోడలు వసిటి కంగారుగా అమ్మమ్మ వైపు చూసింది.

“ముత్యాల దీవి ఆటా? అదెంత పని! ఒక్క పూటలో ముగించేశాను.”

వసిటీ, అమ్మమ్మా ఆ వీడియో గేమ్‌ని వానలు మొదలైనప్పటి నుంచీ ఆడుతున్నారు. అమ్మమ్మకి చూపు ఆనదు. తెరమీది మాటలన్నీ వసిటి చదివి చెప్పాలి. ముత్యాల వర్తకుణ్ణి ఎవరు చంపారన్నదే కథ. ఒక్క ప్రశ్న అడగడానికి ఇన్‌స్పెక్టర్ని ఒడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి నడిపిస్తుంది ఆ పాడు ఆట. “నడిచేది వాడు, పీకేది నా మోకాళ్ళు” అని విసుక్కుంటూనే అమ్మమ్మ, వర్తకుడి పెళ్ళాం ఏడిస్తే తానూ కళ్ళొత్తుకునేది. ఇక మిగిలింది ఆఖరి ఘట్టం, ఈ సాయంత్రానికి దాచుకున్నారు. పేరు ముందే తెలిసిపోతే అందులో ఇంకేముంటుంది?

“మావయ్యా, పేరు మాత్రం చెప్పకు. అమ్మమ్మ వింటోంది.”

“చెప్పన్లేవే. ఎలా పట్టానో చెప్తా. నేనాడుతుంటే కరెంటు పోయింది, తెర నల్లబడింది, అయినా ఆపానా? అడుగుల చప్పుడు పట్టుకుని ఆడేశాను!”

“కరెంటు పోతే చప్పుడెక్కడిది?” అన్నాడు కావా కలుపుతున్న తోమసి.

“నావీ నీలాంటి చెవులే అనుకున్నావా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆటలోని ఇన్‌స్పెక్టరు తెర దాకా వచ్చి, టోపీ తీసి, ‘నావల్ల కాదు, తమరే చూడండి’ అన్నాడు. సరే పాపమని ఊరందర్నీ కావాకి పిలిపించాను...”

అమ్మమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఆమె చెవులు మూసేద్దామా అని వసిటి చెయ్యెత్తి, దించుకుంది.

“ఒక్కొక్కరికీ కొబ్బరి చిప్పలో కావా అందించాను. అందరూ మనలాగే చప్పట్లు కొట్టి ఒక్క గుక్కలో తాగేశారు. ఒక్కడు మాత్రం టీ తాగినట్టు చప్పరించాడు! ఈ మట్టిలో పుట్టినవాడు అలా తాగుతాడా? జుట్టు పట్టి లాగితే తెరలోంచి ఊడొచ్చి, ఇదిగో, ఈ చాప మీదే పడి నా కాళ్ళు పట్టుకున్నాడు! వాడి పేరు...”

“మావయ్యా!”

తోమసి చేతిలో చిప్ప గాల్లోనే ఉండిపోయింది. అంతలోనే వసిటికి ఏదో తట్టింది.

“అందరూ ఒక్క గుక్కలోనే తాగారా?”

“ఒట్టు!”

“ఆ ఆట చేసినవాళ్ళు కావా మొహం చూసినవాళ్ళు కాదు మావయ్యా. అందులో ఊరి పెద్ద దగ్గర్నుంచి పాస్టరుగారి దాకా అందరూ చప్పరిస్తూ కబుర్లాడుతూనే తాగుతారు. మొదటి ఘట్టంలోనే! అది విని అమ్మమ్మకి పొలమారింది. నీ లెక్కన ఊరంతా హంతకులే.”

చాపలు దద్దరిల్లేలా నవ్వారు. సకియూసా మెడ గోక్కున్నాడు.

హంతకుడి పేరు వీడికీ తెలీదని తేలినందుకు అమ్మమ్మ పెదవుల్లోనే దేవుడికి స్తోత్రం చెప్పుకుని, ఒక్క చప్పట కొట్టి, చిప్ప అందుకుని ఒక్క గుక్కలో ఖాళీ చేసింది. “పదవే, ఒడ్డంతా ఇంకా నడవాలి.”

ఇద్దరూ గుమ్మం దాకా వెళ్ళారు. వెనక నుంచి సకియూసా గొంతు, ఈసారి చిన్నగా:

“అమ్మా, నేనూ వచ్చి కూర్చోనా?”

“రారా. ఆ నోరు మాత్రం ఇక్కడే పెట్టి రా.”