మరపట్టిన ఇంగ్లీషు పద్యం

సూర్యాపేట బస్టాండు ఎదురుగా ఫకీరా చాయ్ హోటల్. నిడమనూరు బడిపంతులు లింగస్వామి బెంచీ మీద పుస్తకం పట్టుకొని తల గోక్కుంటున్నాడు. రేపు బి.ఏ. ఇంగ్లీషు పరీక్ష. ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే హైస్కూలు ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే. గొర్రెల మంద వదిలి చదువు పట్టింది వాళ్లింట్లో ఆయనొక్కడే. ఆ గోకుడు చూసి, పక్కన చాయ్ తాగుతున్న వడ్ల అడ్తి వ్యాపారి రాంచందర్ సేటు ఊరుకుంటాడా?

“ఏంది పంతులూ, సిమిలీ, మెటఫరా? గింతదానికే పరేషానా! సాగర్ నీళ్లు వచ్చిన కొత్తల మిర్యాలగూడల మా దుకాణానికి ఒక కాలేజీ పిలగాడు బియ్యానికని వచ్చి, ఇంగ్లీషు పద్యం పట్టుకొని ఏడ్వబట్టె, అండ్ల అలంకారం ఏడుందో దొరుకుతలేదట. నేనన్న, ఓరి పిచ్చోడా, సరుకు సూసెతందుకు బస్తా అంత కుమ్మరిస్తమా? ఇనుప గొట్టం గుచ్చుతం, పిడికెడు గింజలు తీస్తం, సంగతి చెప్తం. పద్యానికీ గంతే! నడిమిట్ల గుచ్చిన, సిమిలీ వచ్చింది, సన్నబియ్యం తీరు. ఇంకోదిక్కు గుచ్చిన, మెటఫరు, దొడ్డుబియ్యం. పిలగాడు ఫస్టుక్లాసుల పాసు!”

లింగస్వామి పెన్సిల్ తీసి పుస్తకం అంచున రాసుకున్నాడు. “సిమిలీ, సన్నబియ్యం. ఎందుకు సేటూ?”

“ఆగు జర. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఈ ముచ్చట కోదాడ దాక పాకింది. కాలేజీలకు కాలేజీలే లారీలల్ల దిగినయ్, బజారుల వడ్లబండ్లకు తొవ్వ లేదు. ఒక్కొక్కన్ని కూసోబెట్టి చెప్తే ఎన్నడు ఒడవాలె? తరాజు కట్టించిన. ఒకదిక్కు పద్యం, ఒకదిక్కు తూకం రాళ్లు. బరువుంటే సిమిలీ, తేలికుంటే మెటఫరు. సిమిలీ దొడ్డుబియ్యం గద, బరువే తూగుతది.”

“ఇందాక సన్నబియ్యం అన్నవ్ గద?”

“ఉడికినంక రెండూ అన్నమే గద పంతులూ! నడుమ ఆపకు.”

లింగస్వామి రాసింది కొట్టేశాడు. మళ్లీ రాశాడు. అదీ కొట్టేశాడు.

“ఇగ గిది లండన్ల తెలిసింది. ఆడి ప్రొఫెసరు, తెల్లదొర, రైలెక్కి సీదా మిర్యాలగూడల మా మిల్లు ముంగట దిగిండు.”

“అప్పట్ల మిర్యాలగూడకు రైలేడిది సేటూ?” అన్నాడు ఫకీరా, చాయ్ వడపోస్తూ.

“లేదనే గద దొర పట్టాలు ఎంబడి తెచ్చుకున్నడు! ముంగట పరుసుకుంట వచ్చిండు, పోయేటప్పుడు సాప సుట్టినట్టు సుట్టుకపోయిండు, అందుకే ఆ పట్టాలు ఎవ్వనికీ కనవడలే. ఆయన తెచ్చిన పద్యం తాతల కాలం సంది లండన్ల ఎవ్వనికీ అర్థం కాలేదట. గుచ్చిన. గొట్టం వంగింది! అంత గట్టి పద్యం. ఏం జేసిన? ఎత్తి మిల్లుల పోసిన. రాత్రనక పగలనక మర తిరిగింది. ఒకదిక్కు ఊక, ఒకదిక్కు తవుడు, నడుమ తెల్లగ అర్థం! ఆ అర్థం వండితే తుంగతుర్తి సంది నడిగూడెం దాక జనం బంతి కూసొని తిన్నరు, ఇంక అడుగున మిగిలింది. దొర పాపం ఆ ఊకల నుంచి నాలుగు అలంకారాలు ఏరుకపోయిండు. వాటితోనే ఇప్పటికీ లండన్ల బడులు నడుస్తున్నయ్.”

లింగస్వామికి కళ్లు తిరిగాయి. పొద్దున వచ్చిన నాలుగు ముక్కలు కూడా ఇప్పుడు రావడం లేదు. భయం వేసింది, ఏడుపు కూడా వచ్చింది.

“సేటూ, నీకు దండం పెడ్త, ఒక్కటి చెప్పు. హైపర్బోలి అని ఉన్నది. ఉన్నదాన్ని మించి, జరగనిదాన్ని జరిగినట్టు పెంచి చెప్పుడట. ఎంత సదివినా మనసుకెక్కుతలేదు. దానికి ఒక్క ఉదాహరణ కావాలె.”

సేటు గ్లాసు కింద పెట్టాడు.

“ఉన్నదాన్ని మించి చెప్పుడా? ఛ! గసొంటి సరుకు మా దుకాణంల ఎన్నడు దిగలే. నేనైతే కంటితోని గూడ సూడలే.”

లింగస్వామి సేటునే చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా పంతులు ముఖం విప్పారింది.

“ఎట్ల సూడలేదు సేటూ? నీ ముచ్చటకు ఏడ గుచ్చినా గదే వస్తది గద! దొర సుట్టుకపోయిన పట్టాలే రేపు పేపర్ల రాస్త.”

ఫకీరా పగలబడి నవ్వాడు. సేటు మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా అడిగాడు.

“అంటే పంతులూ, గది సన్నబియ్యమా, దొడ్డుబియ్యమా?”