పేరు కింద ఎర్రగీత

భర్తకు ప్రమోషన్ వచ్చిందన్న మెయిల్ చూడగానే ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. అతను అందరికీ కృతజ్ఞతలు టైపు చేస్తుంటే, కుర్చీ వెనక నిలబడి చదివింది.

"నా పేరు కింద ఆ ఎర్రగీతేంటండీ?"

"స్పెల్‌చెక్. తనకు తెలియని పేరైతే తప్పనుకుంటుంది."

"మీ టీమ్ లీడర్ పేరు కింద లేదే. ఆవిడ బాగా తెలుసు కాబోలు దానికి."

"రోజూ ఆవిడకి పది మెయిళ్లు రాయాలి. ఆ గీత చూడలేక నేనే డిక్షనరీలో చేర్చాను."

"మన పెళ్లై నలభై రోజులైంది. నన్ను చేర్చడానికి తీరిక దొరకలేదు, పాపం."

"పక్కనే ఉంటావు, నీకు మెయిలెందుకు రాస్తాను?"

ఆమె మౌస్ లాక్కుని తన పేరు చేర్చేసింది. గీత పోయింది గానీ మూతి విరుపు పోలేదు.

"ఇప్పుడు సంతోషమేనా?"

"రేపు ఆఫీసుకెళ్లగానే నాకు పదకొండు మెయిళ్లు రాయండి. అప్పుడు చెబుతాను."