పడని మందుల గడి

షికారుకని అత్తగారూ పిల్లలూ కారెక్కేశారు. ఆమె మాత్రం లాప్‌టాప్ ముందు నుంచి లేవలేదు. భర్త గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంకెన్నిసార్లు పిలవాలి? అమ్మ బెల్టు కూడా పెట్టేసుకుని నన్ను తిడుతోంది."

"మీరు వెళ్లండి అంటున్నాగా. ఆసుపత్రికి మా ఆఫీసు పంపే రోగుల వివరాల ఫైలు, ఆ ఎక్స్ఎంఎల్, పొందిగ్గా ఉంటుందని నిన్నో సెట్టింగు మార్చాను. విడివిడిగా ఉండి లింకులతో కలిసే వివరాలు ఒకదాన్లో ఒకటి ఇమిడిపోయాయి."

"సమాచారం పోలేదుగా?"

"పోలేదు. కానీ వాళ్ల పాత ప్రోగ్రాం పైవరసే చదువుతుంది. రోగికి పడని మందుల పేర్లు లోపలి వరసలోకెళ్లిపోయాయి. డాక్టరుకి ఆ గడి ఖాళీగా కనిపిస్తుంది."

"సెలవురోజు ఎవరు చూస్తారు? రేపు మార్చు."

"జబ్బులకి సెలవేంటండీ? పెన్సిలిన్ పడని మనిషికి ఇవాళ అదే ఇస్తే?"

"నీ పొరపాటని తెలిస్తే ఉద్యోగం ఉంటుందా?"

ఆమె లేచి కారు దగ్గరికి నడిచింది.

"అత్తయ్యా, పిల్లలూ, నేను రావట్లేదు. నావల్ల తప్పు జరిగిందని ఆసుపత్రికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను."