చప్పనీళ్లు

డెల్టా ఊరైన బెన్ ట్రేలో ఆ వేసవి నదిలోకి సముద్రపు నీళ్లు ఎగదన్ని, తాగేనీళ్లు ఉప్పెక్కాయి. వంటింట్లో నీళ్లు శుద్ధిచేసే మిషను దగ్గర మామగారికి గ్లాసుతో నీళ్లు తీసుకెళ్తున్న అత్తగారిని కోడలు దియెప్ ఆపింది.

"అత్తయ్యా, మామయ్య కాళ్లు మళ్లీ వాచాయి. బీపీ దిగడం లేదు. కూరల్లో ఉప్పు మానేశాం కదా, ఇంకెక్కణ్ణుంచి వస్తోంది?"

"నాకేం తెలుసే."

"ఆ గ్లాసు ఇలా ఇవ్వండి. ఇదేంటి, ఉప్పగా ఉంది?"

"చిటికెడే వేశాను. మిషను నీళ్లు చప్పగా ఉన్నాయని రెండ్రోజులు గొంతు తడుపుకోలేదాయన. అందులో ఖనిజాలు పోతాయి, మళ్లీ కలపాలని నువ్వేగా అన్నావు."

"కలపాల్సింది ఉప్పు కాదత్తయ్యా. ఇదిగో, డాక్టరు సరేనన్న చుక్కలు. కాల్షియం, మెగ్నీషియం. గ్లాసుకి రెండు చాలు. రోజుకెన్నిసార్లు వేశారు?"

"అడిగినప్పుడల్లా. నా చేతి నీళ్లయితే గడగడా తాగుతున్నారని మురిసిపోయానే. నేనే ఆయన్ని..."

"ఊరుకోండి. ఇవి కలిపి మీరే పట్టుకెళ్లండి. నేనిస్తే మందనుకుంటారు."

కాసేపటికి అత్తగారు తిరిగొచ్చారు.

"తాగారా?"

"రుచి మారిందేమిటన్నారు. ఉప్పు సంగతి చెప్పేశాను. గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి తెమ్మన్నారు."