సగం కోతలో ఆగిన రంపం

సోమవారం ఉదయం తొమ్మిది దాటాక, వాంకూవర్ దీవి ఉత్తర కొనలో ఒక కొండవాలు మీద హెమ్‌లాక్ చెట్టు పక్కకి తిరిగి, దాన్ని కోస్తున్న కోల్బీ మీద పడింది. చెట్టు సగం తెగేసరికి అతని మోటారు రంపం ఆగిపోయింది. మంగళవారం మధ్యాహ్నానికి ఆ రంపం వెర్నా మరమ్మతు కొట్టులో బల్ల మీద ఉంది. బల్లకి ఇవతల కోల్బీ పనిచేసే ముఠా మేస్త్రీ, కోల్బీ భార్యకి అన్న అయిన గార్త్ నిలబడి ఉన్నాడు.

"ఇంకా విప్పడం దేనికి వెర్నా? ట్యాంకులో ఆయిల్ కలపని పెట్రోలుంది. నువ్వే చూశావు. అదే చెప్పెయ్."

"చూశాను. ఇదిగో, తెల్ల కాయితం మీద చుక్క వేశాను. ఆరిపోయింది, మరక లేదు. ఆయిల్ ఉంటే జిడ్డు మిగలాలి."

"మరింకేం?"

"ట్యాంకులో ఏముందో తెలిసింది. ఇంజన్ ఏం తాగిందో తెలీలేదు."

"రెండూ ఒకటే కదా!"

"కావచ్చు. ఆ చిన్న రెంచి ఇటియ్యి."

"ప్రమాదాల తనిఖీ ఆయన మూడింటికి వస్తాడు. నీ మాటే తీసుకుంటానన్నాడు."

"రానీ. కాఫీ ఇస్తాను."

"వేళాకోళం కాదిది. మా బావకి పొద్దున మోకాలి కింద కాలు తీసేశారు."

"తెలుసు గార్త్. బెవ్ ఫోన్ చేసింది. అందుకే విప్పుతున్నా."

"ఏమంది?"

"నీ చెల్లెలు ఏమంటుంది? ఏడ్చింది. అతనికి మెలకువొచ్చిందట. నిన్నటి సంగతి ఒక్కటీ గుర్తులేదట. 'ఆయిల్ కలపడం మర్చిపోయానట కదా, నా కాలు నేనే తీసుకున్నాను కదా' అంటున్నాడట. ఆ మాట అతని చెవిన ఎవరు వేశారు?"

"అడిగాడు. చెప్పాను."

"మత్తు దిగకముందే?"

"అడిగాడన్నాను కదా!"

"సరే, అరవకు. సైలెన్సర్ ఊడొచ్చింది. ఇలా రా. లైటు పట్టుకుని లోపలికి చూడు. ఏం కనపడుతోంది?"

"పిస్టన్."

"ఎలా ఉంది?"

"పిస్టన్‌లా ఉంది."

"గీతలున్నాయా?"

"చీకటిగా ఉంది."

"లైటు నీ చేతిలోనే ఉంది."

"... కనపడట్లేదు. గీతలు కనపడట్లేదు."

"ఆయిల్ లేకుండా నడిస్తే గోళ్లతో గీరినట్టు చుట్టూ గీతలు పడాలి. పిస్టన్ సిలిండర్ గోడకి పట్టేసి ఉండాలి. స్టార్ట్ చేసే తాడు లాగుతున్నా చూడు, మెత్తగా తిరుగుతోంది. వేలు పెట్టి చూడు. ఏంటది?"

"జిడ్డు."

"ఆయిల్."

"అంతకుముందు పోసిన దాంట్లోది అయ్యుంటుంది. ఈసారి కలపకుండా పోశాడు, పూర్తిగా పాడయ్యేలోపే ఆగిపోయింది."

"పాడవకపోతే ఎందుకాగుతుంది?"

"నన్నడుగుతావేంటి? మరమ్మతు చేసేది నువ్వా నేనా?"

"నేనే. అందుకే అడుగుతున్నా."

"అయితే కంప్యూటర్. అదే అయ్యుంటుంది. ఈ కంప్యూటర్ కార్బురేటర్లు అడివికి పనికిరావని మొదట్నించీ మొత్తుకుంటున్నాను. మా నాన్నకి రెండు స్క్రూలు, రెండు చెవులు. రంపం గొంతు సన్నబడితే పెట్రోలు చాలట్లేదని అర్థం, కాస్త తిప్పేవాడు. ఇప్పుడు స్క్రూ ఏదీ? దానిష్టమొచ్చినట్టు అదే కలుపుకుంటుంది. ఆయిల్ లేదని కనిపెట్టి అదే ఆపేసిందేమో!"

"దానికి ఆయిల్ సంగతి తెలీదు నాయనా. గాలెంత, పెట్రోలెంత, అదొక్కటే చూసుకుంటుంది. ఎండెక్కినా, కొండెక్కినా, ఫిల్టర్ నిండా పొట్టు పట్టినా సర్దుకుపోతుంది. ఆయిల్ వేశావా లేదా అని అడగదు. ఆయిల్ లేకపోయినా, ఇంజన్ పట్టేసేదాకా మంచి గొంతుతోనే పాడుతుంది."

"అయితే ఆ కంప్యూటరే చెడిపోయి ఉంటుంది."

"నువ్వు బయట సిగరెట్ కాలుస్తుంటే కేబుల్ పెట్టి చూశాను. ఏ తప్పూ చూపించలేదు."

"లోపల తీగ తెగి, మళ్లీ అతుక్కుని..."

"ఇది మూడోది."

"ఏంటి మూడోది?"

"నువ్వు చెప్పే కారణం. మొదట ఆయిల్ లేదన్నావు. తర్వాత కంప్యూటర్ ఆపిందన్నావు. ఇప్పుడు తీగ తెగిందంటున్నావు. నిన్న అక్కడున్నది నువ్వు, నేను కాదు."

"నేను పైన రోడ్డు మీదున్నాను."

"అలాగా. అయితే ఈ మూత పట్టుకో. కార్బురేటర్ విప్పుతున్నా. ఈ చెంచా దాని కింద పెట్టు. కదపకు, ఒలికిపోతుంది."

"పెట్టాను."

"వచ్చింది. ఏం రంగు, గార్త్?"

"నీలం."

"నేనమ్మే ఆయిల్ రంగు. కోల్బీ ఇంకోటి కొనడు. నేను ఒకసారి ఎర్రది చేతిలో పెడితే, మందు మారిస్తే మనిషికి పడదు, రంపానికి పడుతుందా అని నా మీదే జోకేశాడు. ట్యాంకులో నీళ్లలా ఉంది. కార్బురేటర్‌లో నీలంగా ఉంది. అంటే ఏంటి?"

"నువ్వే చెప్పు, నీకన్నీ తెలుసు కదా."

"రంపం ఆగాక ఎవరో ట్యాంకు ఒంపేసి వేరేది పోశారు. పోశాక ఇంజన్ నడపనేలేదు. నడిపి ఉంటే ఈ నీలం మిగిలేది కాదు, పిస్టన్ కూడా పోయేది. అప్పుడు నేను కళ్లు మూసుకుని నమ్మేదాన్ని."

"ఎవరు చేస్తారు అలాంటి పని?"

"రంపం కొండ మీంచి ఎవరి పికప్‌లో దిగింది?"

"నా పికప్‌లో. అయితే? హెలికాప్టర్ వచ్చేదాకా అక్కడ ఎవరు ఏం చేస్తున్నారో ఎవరు చూశారు? బావ అరుస్తున్నాడు. నేను తొడకి బెల్టు బిగించి కూర్చున్నా. నా చొక్కా చూస్తే నువ్వు..."

"బెల్టు నువ్వే బిగించావని డాక్టరే చెప్పాడట. నీవల్లే బతికాడన్నాడట. నేను కాదనట్లేదు."

"మరి?"

"నీ పికప్‌లో నీళ్ల పంపు కోసం ఒక పెట్రోలు డబ్బా ఉంటుంది. దాంట్లో ఆయిల్ కలపరు."

"ప్రతి పికప్‌లోనూ ఉంటుంది."

"ఉంటుంది. జరుగు, ట్యాంకు కడిగి నాది పోస్తున్నా. యాభై పాళ్లకి ఒక పాలు ఆయిల్, పొద్దున కలిపింది."

"ఎందుకు?"

"స్టార్ట్ చేస్తా."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"అది... సాక్ష్యం కదా. ముట్టుకోకూడదు."

"ఇప్పుడా గుర్తొచ్చింది? పాతది సీసాలో పోసి మూత బిగించాను. చెంచాలోది ఇంకో సీసాలో. అన్నిటికీ ఫొటోలు తీశాను. ఇదిగో, కార్బురేటర్, సైలెన్సర్ కూడా బిగించేశాను. ఆ దుంగని బూటుతో తొక్కిపట్టు."

"వెర్నా, మాట విను. నీకు దండం పెడతా."

"దండాలెందుకు, తొక్కిపట్టు. చెవులకి మఫ్‌లు పెట్టుకుంటున్నా. ఒకటి... రెండు... అదిగో, దగ్గింది... అందుకుంది! చూడు! ఎక్కడైనా తడబడుతోందా? కోత చూడు!"

"ఆపు."

"ఏంటీ?"

"ఆపు! ఆపమంటున్నా!"

"వినపడట్లేదు! చేతులెందుకు ఊపుతున్నావ్? ... ఆ, ఆపాను. ఏమైంది?"

"చాలు. ఇంక చాలు."

"మూర్ఛొచ్చినవాడిలా అయిపోయావు. కూర్చో. ఆ డబ్బా మీద కూర్చో."

"కూర్చోను."

"నువ్వు అరిచింది ఒక్క ముక్క వినపడలేదు నాకు. చేతులు ఊపడం చూసి ఆపాను. ఎలా ఆపానో చూశావా? బొటనవేలితో ఈ మీట నొక్కాను. పెట్రోలుంది, ఆయిలుంది, కంప్యూటర్ బాగానే ఉంది. ఇంత బాగా నడిచే రంపం దానంతటది ఆగదు. కోల్బీయే ఆపాడు."

"సగం కోతలోనా? బుద్ధున్నవాడెవడైనా ఆపుతాడా?"

"ఆపడు. చెట్టు పడే వైపు గంటు కొట్టాక, వెనకనుంచి కోత సగానికొచ్చాక, ఏమొచ్చినా పూర్తి చేసి పరిగెత్తాలి. మధ్యలో వదిలేస్తే చిన్న గాలికి కూడా చెట్టు ఎటు తిరుగుతుందో చెప్పలేం. నిన్న గాలుందా?"

"ఉంది."

"కోల్బీకి ఆ సంగతి తెలీదా?"

"నాకంటే బాగా తెలుసు."

"తెలిసీ ఆపాడు. ఎందుకు?"

"అతన్నే అడుగు."

"అతనికి గుర్తులేదు. నీకు బాగా కలిసొచ్చింది."

"నోరు జాగ్రత్త వెర్నా! వాడు నాకు బావ. నా చెల్లెలి మొగుడు. పద్నాలుగేళ్లు పక్కపక్కన పనిచేశాం."

"అందుకే అడుగుతున్నా. ఇరవై రెండొచ్చిన కొత్త కుర్రాడు కూడా ఆయిల్ మర్చిపోతే నవ్వుతారు ఈ ఊళ్లో. ఆ నవ్వు కాలు లేని మనిషి మీద వెయ్యాలని ఎందుకనిపించింది? ... ఆగు, ఫోన్ మోగుతోంది."

"తియ్యకు."

"బెవ్."

"వెర్నా, తియ్యకు, ఒక్క నిమిషం ఆగు, నన్ను ఆలోచించుకోనీ..."

"హలో, చెప్పు బెవ్. ... ఆ, విప్పాను. ... అంతా చూశాను. ... నేను చెప్పడం కాదు, మీ అన్నయ్య ఇక్కడే ఉన్నాడు. స్పీకర్‌లో పెడుతున్నా. నువ్వే అడుగు."

"అన్నయ్యా? ఉన్నావా?"

"ఉన్నాను బెవ్."

"కోల్బీ సూప్ ముట్టట్లేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. 'నేనెలా మర్చిపోయాను, నేనెలా మర్చిపోయాను' అని అదే మాట. నర్సుకి కూడా చెప్తున్నాడు, వచ్చిన ప్రతివాళ్లకీ చెప్తున్నాడు. ఇంక జన్మలో రంపం చూపించొద్దంటున్నాడు. నిజంగా ఆయిల్ కలపలేదా?"

"బెవ్, నేను సాయంత్రం అక్కడికొచ్చి..."

"సాయంత్రం కాదు. ఇప్పుడే చెప్పు. మర్చిపోతే మర్చిపోయాడు, నాకు బతికాడు చాలు. కానీ నువ్వు కళ్లారా చూశావు కదా?"

"చూశాను."

"ఎక్కణ్ణుంచి చూశావు? రోడ్డు మీదున్నానన్నావు కదా అన్నయ్యా?"

"చెప్పు గార్త్. నన్ను బయటికెళ్లమంటే వెళ్తాను."

"వద్దు వెర్నా, ఉండు. ... బెవ్, ఆయిల్ కలిపాడు. పొద్దున నా ఎదురుగానే కలిపాడు. నీలం ఆయిల్."

"మరి నువ్వు..."

"ట్యాంకు నేను ఒంపేశాను. అతన్ని హెలికాప్టర్ ఎక్కించాక. పంపు డబ్బాలోది పోశాను. తర్వాత నడిపి ఇంజన్ పాడుచేద్దామనుకున్నా, తాడు లాగడానికి చెయ్యి రాలేదు."

"ఏంటి అంటున్నావు? ఎందుకు పోశావు?"

"రంపానికి ఏమీ కాలేదు కాబట్టి. ఏదో ఒకటి అయినట్టు కనపడాలి కదా."

"నాకర్థం కావట్లేదు. ఏమీ కాకపోతే రంపం ఎందుకాగింది అన్నయ్యా?"

"చెట్టు కోసేవాడి దగ్గరికి రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెనకనుంచి రావాలి. రెండు చెట్ల పొడవు దూరంలో నిలబడాలి. కోసేవాడు చెయ్యెత్తి రమ్మనేదాకా కదలకూడదు. కుర్రాళ్లకి రోజూ పొద్దున నేనే చెప్తాను."

"నేనడిగింది అది కాదు!"

"అదే చెప్తున్నా బెవ్. చుట్టూ తిరగడానికి బద్ధకించి అడ్డంగా దిగాను. చెట్టు పడే వైపు నుంచి, తల వంచుకుని నడిచొస్తున్నాను. పక్కకి పొమ్మని నాకు కేకెయ్యడానికి కోల్బీ రంపం ఆపాడు."