కండక్టర్ బాబాయ్ కొన్న రంగు

రిటైరై ఏళ్లు గడిచినా కండక్టర్ బాబాయ్ గొంతు ఇప్పటికీ బస్సు వెనక సీటు దాకా వినపడుతుంది. టీ కొట్టు దగ్గర ఆయన నోరు విప్పాడంటే ఎవరి పని వాళ్లు మానుకోవాల్సిందే. ఆ సాయంత్రం బెంచీ మీద నేను, ఎలక్ట్రీషియన్, దర్జీ కూర్చున్నాం. చివర్న ఇంకొకాయన, చొక్కా చేతుల నిండా రంగు మరకలతో. ఆయన మెయిన్‌రోడ్డు రంగుల షాపు ఓనరని మా ముగ్గురికీ తెలుసు, టీ పోసే అక్కకీ తెలుసు. బాబాయ్‌కి మాత్రం తెలీదు. సరిగ్గా ఆ షాపు గురించే బాబాయ్ మొదలెట్టేసరికి మాకు సగం కథ అప్పుడే అర్థమైపోయింది. అయినా ఎవరం నోరు మెదపలేదు.

"నేనేమీ గొప్పలు చెప్పుకోవడం లేదు," అన్నాడు బాబాయ్. "ఒక్క డబ్బా కొన్నాను, అంతే. కిటికీకి వేయడానికి. అయితే ఎక్కడ కొన్నానన్నది అసలు సంగతి. నాలుగు రోడ్ల దగ్గర కొత్త షోరూం పెట్టారు చూడండి, మీట నొక్కితే మిషనే కలిపి అడిగిన రంగు అడిగినట్టు చేతిలో పెడుతుంది, అక్కడ కాదు. మెయిన్‌రోడ్డు పాత షాపులో. ఎందుకంటారా, అక్కడ రంగులు కలిపే అతను ఒకప్పుడు సైన్యంలో చేసినవాడు. మామూలు రోజుల్లో షాపులో పని, పిలుపొచ్చిందంటే మళ్లీ యూనిఫాం. మొన్నామధ్య పిలుపొచ్చింది, అప్పుడప్పుడే నడక నేర్చిన పాపని వాళ్లమ్మ చంకకెత్తి వెళ్లిపోయాడు. ఇంకో ఓనరైతే మర్నాడే ఆ కుర్చీలో కొత్తవాణ్ణి కూర్చోబెట్టేవాడు. ఈయన పెట్టలేదు. వాడి కుర్చీ వాడిదే, వచ్చేదాకా నేనే కలుపుతానన్నాడు. జీతం కూడా నెలనెలా వాళ్లావిడ చేతికే ఇస్తున్నాడు. అలాంటి మనిషి దగ్గర కొనకపోతే మనం మనుషులమేనా, చెప్పండి."

"అది మాత్రం నిజమే," అంది టీ అక్క. "కానీ ఆయన కలిపితే ఏ రంగొస్తుందో ఆయనకే తెలీదంట కదా."

"అందుకేగా జనం షోరూం దారి పట్టారు," అన్నాడు దర్జీ. "ఇలాగే సాగితే అతను తిరిగొచ్చేసరికి కుర్చీ ఉంటుంది గానీ షాపుండదు."

చివర్న కూర్చున్నాయన చొక్కా చేతి మీది మరకని గోటితో గీకాడు.

"నేనుండగా ఆ షాపు ఎలా మూతపడుతుందిరా," అన్నాడు బాబాయ్. "వినండి. ఆకాశనీలం అడిగాను. పాపం, పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, నాలుక కొరుక్కుని మరీ కలిపాడు. మూత తీస్తే వంకాయ రంగు. నేను కిక్కురుమనలేదు. భలే కుదిరిందండీ అని పట్టుకొచ్చి వేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క కిటికీతో ఆ మనిషికి ఒరిగేదేముందని ఇల్లు మొత్తానికీ తీసుకున్నాను. పాలమీగడ రంగు అడిగితే చిలకపచ్చ ఇచ్చాడు. చిలకపచ్చ కూడా కాదు, చిలకకి జ్వరమొస్తే ఎలా ఉంటుందో అది. మా బావమరిది ఇల్లు గుర్తుపట్టలేక వీధంతా తిరిగి తిరిగి, చివరికి మా గుమ్మంలోనే నిలబడి, అయ్యా ఇక్కడ కండక్టరుగారిల్లు ఎక్కడండీ అని నన్నే అడిగాడు."

"మీ బావమరిది మిమ్మల్ని కూడా గుర్తుపట్టలేదా బాబాయ్?" అన్నాను నేను.

"నా మీద కూడా రంగు పడింది కదరా. మధ్యలో అడ్డు రాకు. ఆ రంగు మహిమ ఏంటంటే, చీకటి పడితే గోడే వెలుగిస్తుంది. లైటు వేయాల్సిన పనే లేదు. కరెంటు మీటరు ఆగిపోయింది. ఆగి ఊరుకుందా? నిదానంగా వెనక్కి తిరగడం మొదలెట్టింది."

ఎలక్ట్రీషియన్ గ్లాసు కింద పెట్టాడు. "మీ మీటరు మార్చింది నేనే బాబాయ్. శుభ్రంగా ముందుకే తిరుగుతోంది."

"నువ్వొచ్చింది పగలు. పగలు అందరి మీటర్లూ ముందుకే తిరుగుతాయి," అని బాబాయ్ ఏమాత్రం తడబడకుండా సాగించాడు. "ఇక చిలకలు. ఎక్కడెక్కడివో వచ్చి మా గోడ మీద వాలేవి. ఏది చిలకో ఏది గోడో తెలిసేది కాదు. అవన్నీ ఒక్కసారి లేచాయంటే మా గోడే లేచి ఎగిరిపోతోందని పక్కింటావిడ కేకలు. ఈ వైభోగం చూసి వీధి వీధంతా ఆ షాపుకే పరుగెత్తింది. అందరి ఇళ్లూ అదే రంగు. ఆ తర్వాత జరిగింది మీరు ఊహించలేరు. ఒకరోజు తలుపు కొట్టారు. తీస్తే ఎదురుగా మిలిటరీ ఆఫీసరు. ఛాతీ నిండా పతకాలు, నడుస్తుంటే గలగలమంటున్నాయి. ఏవండీ, విమానంలోంచి చూస్తే మీ వీధి కనపడ్డం లేదు, పొలాలు కనపడుతున్నాయి, చెరువు కనపడుతోంది, మీ వీధి ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఇదేం రంగు అన్నాడు. నేను టీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పాను. అయ్యా, ఈ రంగుకి పేరు లేదు. పేరు లేని రంగు కంటికి ఆనదు, కన్ను దాన్ని చూసి కూడా ఏమనాలో తెలీక పక్కకి తప్పుకుంటుంది."

"అబ్బో," అన్నాడు దర్జీ.

"అబ్బో కాదు, ఆయన కూడా అదే అన్నాడు. వెంటనే లారీలు పంపించి డబ్బాలన్నీ ఎత్తించాడు. సరిహద్దులో ట్యాంకులకి వేయించాలని. అక్కడ ఆ డబ్బాల మూతలు తీసే పని ఎవరికి పడిందనుకున్నారు? మన రంగులు కలిపే అతనికే."

చివర్న కూర్చున్నాయన కొంచెం ముందుకి జరిగాడు. "మూత తీసి అతనేమన్నాడు?"

"ఏమంటాడు మాస్టారూ, కర్రతో ఒక్క తిప్పు తిప్పి చూశాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నా కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందన్నమాట అన్నాడు. ఎలా తెలిసిందిరా అని పక్కవాళ్లు అడిగితే, ఇంకొకణ్ణి పెట్టి ఉంటే రంగు ఇంత దరిద్రంగా ఉండదు, ఇది మా ఓనరు సొంతంగా కలిపిందే అన్నాడు."

మేం నవ్వబోయి ఆగిపోయాం. ఆయన నవ్వలేదు. మరకల చెయ్యి మోకాలి మీద రుద్దుకుంటూ, "తర్వాత?" అన్నాడు.

"తర్వాతేముంది, ట్యాంకులన్నీ మాయం. శత్రువులు వచ్చి గుద్దుకుని, క్షమించండి చూసుకోలేదు అని పక్కకి తప్పుకుంటున్నారు. మనవాళ్లూ తమ ట్యాంకులు తమకే కనపడక చేతులు చాచి తడుముకుంటూ తిరుగుతున్నారు. అవతలి సేనాపతి చూశాడు, ఇదేదో బావుందని వాళ్ల మనిషిని మారువేషంలో పంపించి అదే షాపులో డబ్బాలు కొనిపించాడు. వాళ్లూ పూసుకున్నారు. ఇక చెప్పండి. అటువాళ్లు ఇటు కనపడరు, ఇటువాళ్లు అటు కనపడరు. ఎవరితో చేస్తారు యుద్ధం? కాసేపు నిలబడి, బోరు కొట్టి, ఎవరిళ్లకి వాళ్లు బయల్దేరారు. అదీ సంగతి. ఇదంతా నేను కొన్న ఒక్క డబ్బాతో మొదలైంది. నేనేమీ గొప్పలు చెప్పుకోవడం లేదు."

"మరి అతను ఇంటికొచ్చాడా?" అన్నాడు చివరాయన.

"దారిలో ఉన్నాడు మాస్టారూ. ఇవాళో రేపో దిగిపోతాడు."

ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "రాలేదండీ. పొద్దున వాళ్లావిడతో ఫోన్లో మాట్లాడాడట, ఇంకా కొన్ని నెలలు పడుతుందన్నాడట. నేనే కండక్టరుగారూ ఆ ఓనర్ని."

బాబాయ్ మా వైపు చూశాడు. మేం ఆకాశం వైపు చూశాం.

"కోప్పడ్డానికి రాలేదండీ," అన్నాడు ఓనరు. "మిమ్మల్ని చూసిపోదామని వచ్చాను. షాపు ఎత్తేద్దామని ఒకటికి రెండుసార్లు అనుకున్నాను. అతని కుర్చీ చూసినప్పుడల్లా చెయ్యాడలేదు. అలాంటప్పుడు జనం రావడం మొదలెట్టారు. ఒకావిడ వచ్చి, కండక్టరుగారి కిటికీ రంగివ్వండి అంది. ఏ కండక్టరో నాకు తెలీదు. ఇంకొకాయన మీటరు వెనక్కి తిప్పే రంగు కావాలన్నాడు. అలాంటిది లేదండీ అన్నా వినకుండా నవ్వుకుంటూ రెండు డబ్బాలు పట్టుకుపోయాడు. అడిగిన రంగు రాదని ముందే చెబుతున్నాను. తెలుసండీ, రంగుల మనిషి యుద్ధానికి వెళ్లాడట కదా, కండక్టరుగారు చెప్పారు, ఏదో ఒకటి ఇవ్వండి అంటున్నారు. మీ నోటి చలవ వల్ల షాపు నిలబడేలా ఉంది. అది ఒప్పుకోవాలి."

బాబాయ్ మెడ నిలబెట్టాడు. మీసం మీదికి చెయ్యి కూడా వెళ్లింది.

"నాకు తెలీక అడుగుతాను," అన్నాడు ఓనరు, ఎంతో మర్యాదగా. "మీ మాట విన్న ప్రతివాళ్లూ వచ్చి కొన్నారు. మీరొక్కరే ఎందుకు రాలేదండీ?"

టీ అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎలక్ట్రీషియన్‌కి పొలమారింది. బాబాయ్ ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు, తాగుతూనే ఉన్నాడు.

చివరికి లేచి చొక్కా దులుపుకున్నాడు. "తలుపుకి వేయించాలనే ఎప్పట్నుంచో అనుకుంటున్నాను," అని గొణిగాడు. ఓనరు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ మెయిన్‌రోడ్డు వైపు నడిచారు.

మర్నాటికి బాబాయ్ వీధి తలుపు మారిపోయింది. ఆయన గోధుమరంగు అడిగాడని ఓనరే తర్వాత చెప్పాడు. వచ్చింది మాత్రం గోధుమ కాదు, ఎరుపు కాదు, మేం నలుగురం నిలబడి ఎంతసేపు చూసినా పేరు పెట్టలేకపోయాం. బాబాయ్ గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుని, దారిన పోయే ప్రతివాణ్ణీ ఆపి, అచ్చం నేనడిగిన రంగే ఇచ్చాడయ్యా ఆ మహానుభావుడు అని చెబుతున్నాడు. ఆయన కోసిన కోతల్లో ఈ ఒక్కదానికి మాత్రం మేమెవరం అడ్డు చెప్పలేదు.