సముద్రం దాటిన నారబట్ట

నేతగాడి భార్య మూడు నెలలుగా తన తమ్ముడింట్లో ఉంటోంది. ఆ తమ్ముడు ఇవాళ టీ కొట్టు బల్ల మీద కనిపించగానే నేతగాడి గొంతు పెరిగింది. తన మాట ఆ ఇంటిదాకా చేరాలని కాబోలు.

"లినెన్ అంటే ఏమిటనుకున్నారు? హోటళ్లలో దుప్పటినీ తువ్వాలునీ, ఏ నూలుదైనా సరే, లినెన్ అనేస్తారు. అసలు లినెన్ పత్తి కాదు, అవిసె కాడలోంచి తీసిన నార. ఒంటికి చల్లన, తడిస్తే బలం, పొడిగా ఉందా, మగ్గం మీద పోగు పుటుక్కుమంటుంది. అలాంటి మొండినారతో నేను మొదట ఒక తువ్వాలు నేశాను. పెద్ద గొప్పేం కాదులెండి. మన దర్జీ దాంతో ఒక్కసారి ముఖం తుడుచుకుంటే ఆ వేసవంతా మళ్లీ చెమట పట్టలేదు, అంతే."

దర్జీ అక్కడే ఉన్నాడు. తనకేమీ గుర్తు లేదన్నాడు.

"ఎలా ఉంటుంది, ఆ చల్లదనానికి మతి కూడా గడ్డకట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక హోటలాయన దుప్పటి అడిగాడు. నేశాను. దాని మీద పడుకున్న మనిషి మూడు రోజులు లేవలేదు. నాలుగో రోజు లేచి, గది మీరే ఉంచుకోండి, దుప్పటి అద్దెకివ్వండి అన్నాడు."

"మగ్గం మీద పడుగు పోగులు ఎవరు తడిపారు బావా?" అన్నాడు బావమరిది నెమ్మదిగా.

"తడి దానికదే ఉంటుంది బామ్మర్దీ, కథకి అడ్డం రాకు. అదే హోటలుకి భోజనాల బల్ల మీద పరిచే గుడ్డ నేశాను. ఈ చివర ఉప్పు అడిగితే ఆ చివర నుంచి సైకిలు మీద తెచ్చేవాళ్లు, ఈలోగా కూర చల్లారేది. అది విని ఓడ నడిపేవాడు పరుగున వచ్చి తెరచాప కావాలన్నాడు. కట్టీ కట్టగానే గాలి పట్టింది. ఓడ కదిలితే వింతేముంది, తాళ్లు విప్పడం మరిచారు, రేవు కూడా వెనకాలే బయల్దేరింది. సముద్రం దాటాక చూస్తే రేవు గుమాస్తా ఇంకా కుర్చీలో కునుకు తీస్తున్నాడు. ఒక్క పోగు తెగిందేమో అడగండి."

టీ కొట్టాయన ఇంకోటి అడిగాడు: ఈ మూడు నెలల్లో ఏం నేశావని.

నేతగాడు గ్లాసు కింద పెట్టాడు. ఈ మధ్య నార మంచిది రావడం లేదన్నాడు.

బావమరిది నవ్వలేదు. "పన్నెండేళ్లు మగ్గం పక్కన కూర్చుని, తడిగుడ్డతో పడుగు తుడిచి, తెగిన ప్రతి పోగూ అతికింది మా అక్క. బేరానికొచ్చినాయన బట్ట మెచ్చుకుంటే, నా ఒక్కడి చేతిపని అన్నావు. అప్పుడు ఆమె చేతిలో తడిగుడ్డ ఉంది. ఇవాళ కూడా అదే పాట."

నేతగాడు అరచేతులు చూసుకున్నాడు.

"రోజూ మగ్గం ఎక్కుతున్నాను," అన్నాడు చివరికి. "తడిపి వచ్చి కూర్చుంటాను. జానెడు బట్ట దిగేలోపే ఆరిపోయి తెగుతుంది. మీ అక్క తడిగుడ్డ ఆమె పెట్టిన చోటే కర్రలా బిగిసిపోయి ఉంది. తీయడానికి చేయి రాలేదు. ఆమె లేకపోతే నా చేత ఆ తువ్వాలు కూడా అయ్యేది కాదు. ఈ మాట మీ అక్కకి చెప్పు."

"నేనెందుకు చెప్పాలి బావా? నీ బట్ట సముద్రం దాటింది. మా ఇల్లు రెండు వీధుల అవతలే."